ఎర్ర పెన్సిలు సున్నా

మార్చి 4

మామయ్యా,

అత్తయ్య మోకాళ్ళు, నీ కోపం రెండూ అదుపులోనే ఉన్నాయనుకుంటాను. నీకు చెవులు వినబడవు కాబట్టి ఫోను పనికిరాదు. పోనీ ఫోనులో ఫోటో పంపితే "అగ్గిపెట్టె మీద బొమ్మ" అని పక్కన పడేస్తావు. అందుకని నువ్వు పెట్టిన షరతు ప్రకారమే కాగితం మీద వేయించి, వెనకవైపు తేదీ, ఫ్లాషు ఏ పక్క పెట్టానో, ఎన్ని అడుగుల దూరమో అన్నీ రాసి పంపిస్తున్నాను. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి దగ్గర శిష్యరికానికి ఒప్పుకున్నాక తప్పుతుందా.

ఇది నా మొదటి ఆరుబయటి ఫోటో. నువ్విచ్చిన రెండు చిన్న ఫ్లాషుల్లో ఒకటే వాడాను. మా కుట్టు షెడ్డు వెనక పొడుగాటి ఇటుక గోడ ఉంది. భోజనాల వేళకి దాని ముందంతా నీడ. స్టోరులో మూలపడ్డ బెంచీ ఒకటుంటే నేనే మోయించుకొచ్చి ఆ గోడ పక్కన వేయించాను. లేబుళ్ళు రాసుకునే గుమాస్తాకి ఇదేం పిచ్చి అని అందరూ నవ్వారు.

బెంచీ మీద కూర్చున్నావిడ గుడ్డలు కత్తిరించే పెద్దావిడ. అందరూ కత్తెరమ్మ అంటారు, అసలు పేరు రిజిస్టరులో ఉంటే ఉండాలి. ఫోటో తీస్తానంటే "నా మొహంలో ఏముంది పిల్లా, బట్టలకి తీసుకో" అంది. ముందుపన్ను లేదని నోరు బిగించుకుని కూర్చుంది. మొదట షట్టరు మరీ వేగంగా పెట్టేశాను, ఫోటోలో కింద సగం నల్లబడింది. అది చూసి "నన్ను సగానికి కోసేశావు, నా పని కూడా నేర్చేసుకున్నావే" అంది. తరవాత తీసిందే నీకు పంపుతున్నాను.

తిట్టు, కానీ మెల్లిగా తిట్టు.

అమ్మడు


మార్చి 12

అమ్మడూ,

అత్తయ్య మోకాళ్ళు బాగాలేవు. నా కోపం బాగానే ఉంది.

ఫోటో మరీ అంత ఘోరంగా లేదు. ఆవిడ కళ్ళలో మెరుపు చుక్క పైమూలన, ఉండాల్సిన చోటే ఉంది. షట్టరు విషయం ఎన్నిసార్లు చెప్పాను? సెకనులో రెండువందలో వంతు దాటకు, దాటితే ఫ్లాషు వెలుగు సగానికే పడుతుంది. ఎండని షట్టరుతో దించుకో, ఫ్లాషుని లెన్సు కన్నంతో, అదే అపెర్చరుతో దించుకో. ఇది గోడ మీద రాసి పెట్టుకో.

గోడ అంటే గుర్తొచ్చింది. ఆవిడ భుజం వెనక గోడ మీద ఓ నల్లటి మచ్చ పడింది, చాపంత ఉంది. ఫ్లాషుని గోడ వారగా, మరీ కుడిపక్కకి లాగేశావు. అడ్డంగా కొట్టిన వెలుగు మొహానికీ మంచిది కాదు, గోడకీ మంచిది కాదు, ఉన్న గుంటలూ లేని గుంటలూ అన్నీ పైకి తెస్తుంది. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన రాసి, నా పుస్తకంలో దాని బొమ్మ గీసుకుని, ఫోటో తిప్పి పంపుతున్నాను. ఇకనుంచి ఫ్లాషుకి గొడుగు తగిలించి కెమెరా దగ్గరగా, నీ తలకి రెండడుగులు పైన పెట్టు. వెనక గోడ పాలమీగడలా వస్తుంది. స్టాండు కాలికి ఇసుక సంచీ కట్టడం మరిచిపోకు, గాలికి గొడుగు ఎగిరితే ఫ్లాషు పోతుంది.

ఫోటో వెనక నా ముద్ర వేశాను. స్టూడియో మూసినా రబ్బరు స్టాంపు పనిచేస్తోంది.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యా,

నీ మాట విన్నాను, గోడ మీగడైంది. కత్తెరమ్మని మళ్ళీ అదే బెంచీ మీద కూర్చోబెట్టాను. ఈసారి నోరు బిగించడం మరిచిపోయింది. ఆ ఫోటో షెడ్డంతా తిరిగింది. మా ఓనరు చూసి, పెద్దది చేయించి, అద్దం బిగించి ఆఫీసుగదిలో తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు. "మన షెడ్డు ఇంత అందంగా ఉంటుందా" అన్నాడు. లేదు గానీ ఎందుకు చెప్పడం అని ఊరుకున్నాను.

ఎర్ర సున్నా చుట్టిన ఫోటో నా టేబులు అద్దం కింద పెట్టుకున్నాను. ఎవరైనా "ఏమిటిది" అంటే, మా గురువుగారి ప్రసాదం అని చెబుతున్నాను.

బెంచీకి కొత్త గిరాకీ వచ్చింది. ఇదివరకు అందరూ మెషీన్ల పక్కనే డబ్బాలు విప్పుకునేవాళ్ళు, ఇప్పుడు భోజనానికి ఆ బెంచీ దగ్గరికే వస్తున్నారు. మొదటి చోటు కత్తెరమ్మదే, ఫోటోలో కూర్చున్న చోటు మరొకరికి ఇవ్వదు. నిన్న డబ్బా మూత తీసి "ఇందులో ఇసుకేంటే, మీ మామయ్య కట్టమన్న సంచీలోదా" అని నన్ను ఆటపట్టించింది. గోడ కీళ్ళలోంచి రాలుతోంది. పక్క స్థలం వాళ్ళు అవతల మట్టి పోయించి ఎత్తు చేసుకుంటున్నారు, రోజంతా లారీలే. నా లెన్సుల మీద ఎంత దుమ్మో చెప్పలేను.

రెండో ఫ్లాషు ఎప్పుడు వాడమంటావు?

అమ్మడు


ఏప్రిల్ 11

అమ్మడూ,

మీగడ ఫోటో చూశాను. బాగుంది. ఈ మాట నా నోట రావడం చూసి అత్తయ్య జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

రెండో ఫ్లాషు ఇప్పుడు వాడు. గొడుగు వద్దు. మనిషికి ఎడమపక్క, కాస్త వెనగ్గా, గోడ వారన పెట్టు. బలం బాగా తగ్గించు. జుట్టు చివర, చెంప అంచున సన్నటి వెలుగు గీత రావాలి. ఆ గీత మనిషిని గోడ నుంచి విడదీస్తుంది. ముందు ఫ్లాషు అదే చోట ఉండనీ.

దుమ్ముకి మెత్తని కుంచె వాడు. చొక్కాతో తుడిచావంటే ఊరుకోను.

మామయ్య


మే 20

మామయ్యా,

రెండు ఫ్లాషుల ఫోటో ఇదిగో. చెంప మీద గీత వచ్చిందా లేదా? చూసి గర్వపడు. కాని నీ మచ్చ మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకాస్త పెద్దదిగా. ఎన్ని రకాలుగా జరిపినా పోలేదు. నా చేతకానితనమే అనుకో, ఇంకో సున్నా చుట్టి పంపు.

అసలు సంగతి వేరే ఉంది. మా షెడ్డు పెట్టి జూన్ పదిహేనుకి పదేళ్ళు. ఇరవై ఇద్దరినీ ఆ గోడ ముందు కూర్చోబెట్టి పెద్ద ఫోటో తియ్యమని ఓనరు నాకే చెప్పాడు. బయటినుంచి ఫోటోగ్రాఫరుని పిలవడట. మూడో ఫ్లాషు అద్దెకి తెస్తాను. జీవితంలో మొదటిసారి ఒక పని నాకని వచ్చింది, మామయ్యా. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో బొమ్మ గీసి పంపు.

వానలు ముందే మొదలయ్యాయి. గోడ మొత్తం చెమ్మ.

అమ్మడు


మే 28

అమ్మడూ,

ఫోటో అందింది. చెంప గీత బాగుంది.

ఆ చోటు మార్చు. పెద్ద ఫోటో ఆ గోడ ముందు తియ్యొద్దు. ఇంకెక్కడైనా తియ్యి, లేదా మానెయ్యి. బొమ్మ గీయడం లేదు.

మామయ్య


జూన్ 4

మామయ్యగారికి,

మీ నాలుగు ముక్కలు అందాయి. మూడు రోజుల తరవాత అత్తయ్య కూడా ఫోను చేసి "ఆ గోడ దగ్గర వద్దంటున్నాడే మీ మామయ్య" అంది. ఎందుకని అడిగితే "నాతో చెప్పడం లేదు, రెండు రోజులుగా నీ ఫోటోలు ముందేసుకుని స్కేలు పట్టుకు కూర్చున్నాడు" అంది. స్కేలుతో కొలిచేంత తప్పులేం చేశానో. ఫోటోల సంగతైతే ఉత్తరంలోనే రాయమను అని పెట్టేశాను. అత్తయ్యకి నా క్షమాపణలు చెప్పండి, ఆవిడ మీద కోపం కాదు.

అమ్మ కూడా కెమెరా పడతానంటే మీరు ఇలాగే అన్నారట కదా. "మానెయ్యి" అన్నారట. ఎందుకని అడిగితే జవాబు లేదట. అమ్మ చివరిదాకా మీ స్టూడియోలో ఫోటోలకి అట్టలు అంటిస్తూనే ఉండిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషని అమ్మ నవ్వుతూ చెప్పేది, నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు. చిన్న చిన్న ఫోటోలు తీసుకున్నంతకాలం శిష్యురాలిని, పెద్ద పని రాగానే కాళ్ళకి అడ్డం పడతారా?

పదిహేనో తారీఖున ఆ గోడ ముందే తీస్తాను.

మీ మేనకోడలు


జూన్ 8

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. అమ్మ విషయంలో నువ్వన్నది నిజం. దానికి జవాబు విడిగా చెబుతాను, తప్పించుకోను. ముందు ఇది చదువు. నిలబడి చదువుతుంటే కూర్చుని చదువు.

ఆ మచ్చ నీ లైటు తప్పు కాదు. తప్పు నాది.

మార్చిలో నీ ఫ్లాషు కుడిపక్కన ఉంది. మచ్చ ఎడమకి పడింది. మేలో రెండో ఫ్లాషు ఎడమపక్క పెట్టావు. మచ్చ కుడికి పడింది. మార్చిది తిప్పి పంపేముందు నా పుస్తకంలో గీసుకున్న బొమ్మని మే ఫోటో పక్కన పెట్టి చూశాను, రెండింట్లోనూ మచ్చ మొదలయ్యేది ఒకే ఇటుక దగ్గర. లైటు ఎటు జరిగితే నీడ దానికి ఎదురుపక్కకి మారి, మధ్యలో ఓ చోటు మాత్రం కదలకుండా ఉందంటే అక్కడ ఏదో ఉబికి ఉన్నట్టు. ఇటుక వరసల మీద స్కేలు పెట్టాను. పైన నాలుగు వరసలు తిన్నగా ఉన్నాయి, కింద పది వరసలు వంగి ఉన్నాయి. ఆ గోడకి కడుపొచ్చింది అమ్మడూ. అవతల పోసిన మట్టి, నానిన నీళ్ళు కలిసి దాన్ని ఇటు తోస్తున్నాయి. ఎప్పుడూ నీడలో ఉండే గోడ కాబట్టి మామూలు కంటికి చదునుగానే కనబడుతుంది. వారగా కొట్టిన నీ చిన్న ఫ్లాషే దాన్ని బయటపెట్టింది. నేను దాన్ని దాచెయ్యమన్నాను.

మొన్నటి ఉత్తరంలో ఈ మాట ఎందుకు రాయలేదంటే, సిగ్గు. నా పాఠమే తప్పని మేనకోడలికి రాయలేకపోయాను. చోటు మార్చమంటే మారుస్తావులే, కారణం ఎందుకులే అనుకున్నాను. పది రోజులు వృథా చేశాను. అత్తయ్య చేత ఫోను చేయిస్తే నువ్వు ఎత్తడం లేదు.

రేపే ఈ పని చెయ్యి. బెంచీ దగ్గర ఎవరూ లేనప్పుడు ఒక ఫ్లాషుని నేల మీద గోడకి జానెడు దూరంలో పెట్టి, గోడ వెంబడే వెలిగేలా తిప్పు. నువ్వు దూరంగా నిలబడి గోడనొక్కదాన్నే తియ్యి. ఆ ఫోటో మీ ఓనరుకి చూపించు. ఆ బెంచీ తీయించెయ్యి. దగ్గరికి ఎవర్నీ వెళ్ళనివ్వకు, నువ్వూ వెళ్ళకు.

మామయ్య


జూన్ 16

మామయ్యా,

నీ ఉత్తరం పన్నెండున వచ్చింది. కోపంతో విప్పకుండా సంచీలో పడేసి, బ్యాటరీలు తీస్తుంటే చేతికి తగిలి పద్నాలుగు సాయంత్రం చదివాను. నువ్వు పది రోజులు, నేను రెండు రోజులు.

నువ్వు చెప్పినట్టే తీశాను. కెమెరా వెనక బొమ్మ చూశాను. రోజూ చూసే గోడే, తడిసిన పరుపు దండెం మీద ఆరేసినట్టు ఉంది. కింద ఇటుకల మధ్య చీలికలు కూడా కనబడ్డాయి.

అలాగే ఆఫీసుగదికి పట్టుకెళ్ళాను. ఓనరు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తరవాత కుర్చీ వెనక్కి తిప్పి, గోడకి తగిలించిన కత్తెరమ్మ ఫోటో చూపించాడు.

"ఏమ్మా, ఇది తీసింది నువ్వే, అది తీసిందీ నువ్వే. అందులో అంత తిన్నగా ఉన్న గోడ ఇందులో వంకర ఎట్లా అయింది?"

"అది లైటు అలా పెట్టడం వల్ల కనబడలేదండీ."

"మరి ఇది లైటు ఇలా పెట్టడం వల్ల కనబడుతోంది, అంతే కదా. నీ టేబులు మీద ఫోటోలో మీ మామయ్యగారే రాశారు, అది మచ్చ అని. అనుమానం పెనుభూతం అంటారు. వానలు తగ్గాక మేస్త్రీని పిలిపిద్దాంలే."

ఏప్రిల్ నుంచీ గోడ బాగుందని అందరికీ చూపించింది నేనే మామయ్యా.

పెద్ద ఫోటో మాత్రం గేటు దగ్గర తీశాను. ఎండ కళ్ళలో కొడుతోందని అందరూ సణిగారు. బెంచీ లోపలికి మోయించాను, మర్నాడు మళ్ళీ అక్కడే ఉంది. కత్తెరమ్మే వేయించింది. చెప్పి చూశాను. "ఈ గోడ నా కళ్ళముందు కట్టింది పిల్లా. పదేళ్ళలో నా నడుం వంగింది గానీ దీనికేం కాలేదు. నీడ ఎక్కడుంటే అక్కడ తింటాం" అంది. నేనే కదా ఆ చోటు అలవాటు చేసింది.

మేస్త్రీ కోసం నేనే వెతుకుతున్నాను. రేపు మళ్ళీ ఓనరుని అడుగుతాను.

అమ్మడు


జూన్ 29

మామయ్యా,

అత్తయ్యకి ఫోనులో సగమే చెప్పగలిగాను. ఇరవై నాలుగున గోడ పడిపోయింది. మూడు రోజులు ఒకటే వాన, ఆ రోజు తెరిపిచ్చింది. లోపల ఉక్కపోతగా ఉందని నలుగురు బయటికెళ్ళారు. ఉదయం నేను బెంచీ లోపల పెట్టించాను. వాళ్ళు మళ్ళీ తీసుకెళ్ళారు. నేను లేబుళ్ళ గదిలో ఉన్నాను. గోనె మూటలు దొర్లినట్టు చప్పుడైంది, లారీ అనుకున్నాను. తల కూడా ఎత్తలేదు.

ఒకమ్మాయికి కాలు విరిగింది. ఇద్దరు దెబ్బలతో బయటపడ్డారు. కత్తెరమ్మ ఇక లేదు. ఆవిడ తన చోటులోనే కూర్చుని ఉంది.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. మా ఓనరు కుర్చీ వెనక ఫోటో దించి ఆయన చేతిలో పెట్టాడు. "ఏప్రిల్లో గోడ ఇలా ఉందండీ, ఎవరికి తెలుస్తుంది? పైగా ఆ బెంచీ అక్కడ వేసింది ఈ అమ్మాయే" అన్నాడు. రెండో మాట అబద్ధం కాదు. నేను జూన్లో తీసింది ఇచ్చాను. "ఇది వానల తరవాతది కదా, ముందునుంచీ ఉందనడానికేం ఉంది" అని అడిగాడు అధికారి. వచ్చే నెల పదిన మళ్ళీ వస్తాడట. ఈలోగా మిగిలిన గోడంతా పడగొట్టిస్తామంటున్నారు. చేతులు కాలాక ఆకులు.

ముందునుంచీ ఉందనడానికి ఒక్కటే ఉంది. మార్చి ఫోటో. కెమెరా కార్డులోంచి దాన్ని ఎప్పుడో చెరిపేశాను, కాగితం మీదదే మిగిలింది. వెనక తేదీ, ఫ్లాషు దూరం నా చేత్తో రాసి ఉన్నాయి. ముందు నీ ఎర్ర సున్నా ఉంది. సరిగ్గా గోడ ఉబికిన చోటు చుట్టూ. పక్కన "ఈ మచ్చ కనబడకూడదు" అని నీ దస్తూరి, వెనక నీ స్టూడియో ముద్ర. చూసినవాళ్ళు నిన్ను ఏమనుకుంటారో నాకు తెలుసు. నిన్న ఆ ఫోటో చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను. అందులో కత్తెరమ్మ నోరు బిగించుకుని నన్నే చూస్తోంది. మళ్ళీ అద్దం కింద పెట్టేశాను.

ఆవిడ కూతురు వచ్చి అమ్మ ఫోటో ఒకటి కావాలంది. ఏది ఇవ్వను? ఆ మార్చిది ఏం చెయ్యను? నువ్వు వద్దంటే ఇవ్వను.

అమ్మడు


జూలై 4

అమ్మడూ,

ఇవ్వు. సున్నాతోనే ఇవ్వు. తుడవకు, ఆ ముక్క కత్తిరించకు. నా ఉత్తరాలు కూడా ఇవ్వు, మార్చిదీ, మేది కూడా.

నలభై ఏళ్ళు జనం మొహాల మీద పుట్టుమచ్చలు, మశూచి గుంటలు, ఏడ్చిన కళ్ళ కింద నలుపు తీసేసి బతికాను. మచ్చ కనబడితే నా చెయ్యి దానంతట అదే పెన్సిలు మీదికి పోతుంది. అదేమిటి, ఎందుకుంది అని అడగడం నేను నేర్చుకోలేదు. నీకూ నేర్పలేదు. మీ అమ్మ అడిగేది. అట్టలంటిస్తూ "అన్నయ్యా, ఈవిడ కంటి కింద దెబ్బ ఎందుకు తీసేశావు" అని ఒకసారి అడిగింది. ఆ తరవాతే దాన్ని కెమెరా ముట్టనివ్వలేదు. జవాబు చెబుతానన్నాను కదా, ఇదే.

బెంచీ నువ్వు వేశావు. నిజమే, అది నీతో ఉంటుంది, నేను తీసెయ్యలేను. కాని గోడ ఉబికిందని వెళ్ళి చెప్పింది కూడా నువ్వే. నీ మాట వాళ్ళు నమ్మకపోవడానికి కారణం నేను నేర్పిన మీగడ.

గోడ పడగొట్టకముందే వెళ్ళు. మిగిలిన దాన్ని ఆ చివరినుంచి ఈ చివరిదాకా తియ్యి. ఫ్లాషు నేల మీద, గోడ వారగా. గొడుగు వద్దు. దూరం నిలబడు. ప్రతి ఫోటో వెనకా ఎప్పటిలాగే రాయి.

కూతురికి ఏప్రిల్ ఫోటో ఇవ్వు, అందులో ఆవిడ నవ్వుతోంది. కాని గోడ సంగతి ఆ అమ్మాయికి నువ్వే చెప్పి ఇవ్వు, ఇంకొకరి నోట విననివ్వకు.

తొమ్మిదో తారీఖు పొద్దున్న బండికి వస్తున్నాను. అత్తయ్య వద్దంటోంది, మోకాళ్ళతో తనూ బయల్దేరుతోంది. స్టేషనుకి రా. నా దగ్గరున్న నీ ఫోటోలన్నీ, ఎర్ర పెన్సిలు, రబ్బరు స్టాంపు తెస్తున్నాను. ఆ అధికారిని ఆయన అడగదలుచుకున్నది కాగితం మీద రాసివ్వమను, నాకు వినబడదు. ఆ సున్నా చుట్టిందెవరని రాస్తే, ఆయన ముందే ఇంకోటి చుట్టి చూపిస్తాను.

మామయ్య